చచ్చాక... ప్రేమలో పడ్డాడు!

ప్రేమకథల్లో హీరో ప్రేమ కోసం ప్రాణాలిస్తానంటాడు. 'వార్మ్ బాడీస్' హీరోకి ఇద్దామన్నా ప్రాణం లేదు. పైగా అతను మనసు పడింది ఎవరిమీదో కాదు... తాను చంపి తిన్న కుర్రాడి ప్రియురాలి మీద! ఈ జాంబీ ప్రేమకథని కొందరు నెత్తిన పెట్టుకున్నారు. కొందరు ముక్కు మూసుకున్నారు. ఎందుకలా?

అబ్బాయి అమ్మాయిని చూశాడు.

చుట్టూ తుపాకుల మోత, కేకలు, పెడబొబ్బలు. అవేమీ అతని చెవిన పడలేదు. అతని కళ్లకి ఆమె తప్ప ఇంకేమీ ఆనడం లేదు. వెనక ఓ పాత పాప్ పాట వినిపిస్తోంది. ఇంకే సినిమాలో అయినా సరిగ్గా ఈ క్షణాన హీరో గుండె వేగంగా కొట్టుకోవాలి. ఇక్కడ కొట్టుకోలేదు. ఎందుకంటే ఆ గుండె ఆగిపోయి చాలాకాలమైంది.

ఆ తర్వాత కాసేపటికే ఆ అబ్బాయి ఆ అమ్మాయి ప్రేమికుణ్ని చంపేశాడు. మెదడు తిన్నాడు. మిగిలిన ముక్కని జేబులో వేసుకున్నాడు... తర్వాత తినొచ్చని!

ఇది చదవగానే మీకు నవ్వొచ్చిందా? రోత పుట్టిందా? లేదంటే రెండూనా? మీ జవాబు ఏదైనా సరే, మీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. 2013లో వచ్చిన 'వార్మ్ బాడీస్' సినిమా చూసినవాళ్లు అప్పుడూ ఇలాగే చీలిపోయారు. ఇప్పటికీ ఇద్దరు జాంబీ సినిమా అభిమానులు ఒకచోట కూర్చుని ఈ పేరెత్తితే చాలు... వాదన మొదలవుతుంది.

సినిమాకి డబ్బులు రాలేదా అంటే బాగానే వచ్చాయి. 2013 ఫిబ్రవరి 1న అమెరికాలో విడుదలైంది. అది సూపర్ బౌల్ వారాంతం. అమెరికన్లు టీవీలకి అతుక్కుపోయే సమయం. అయినా ఆ మూడురోజుల్లోనే సుమారు 2 కోట్ల డాలర్లు రాబట్టి మొదటిస్థానంలో నిలిచింది. దాదాపు 3.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. హాల్లోంచి బయటికొచ్చే ప్రేక్షకుల్ని అడిగి మార్కులేసే సినిమాస్కోర్ సర్వేలో దీనికొచ్చింది 'బి ప్లస్'. అంటే తీసిపారేయలేదు. అలాగని హారతులూ పట్టలేదు!

కథేంటంటే...

ఏం జరిగిందో ఎవరికీ గుర్తులేదు కానీ ప్రపంచం సగానికి సగం చచ్చి లేచింది. బతికున్న కొద్దిమంది నగరంలో పెద్ద గోడ కట్టుకుని లోపల ఉంటున్నారు. బయటంతా శవాల రాజ్యం. ఓ పాడుబడ్డ విమానాశ్రయంలో అటూ ఇటూ కాళ్లీడ్చుకుంటూ తిరిగే శవాల్లో ఒకడు మన హీరో. పేరు గుర్తులేదు. మొదటి అక్షరం 'ఆర్' అని మాత్రం గుర్తుంది. బతికున్నప్పుడు ఏం చేసేవాడో తెలీదు. వేసుకున్న టోపీ చొక్కా చూస్తే ఉద్యోగం సద్యోగం లేనివాడిలా ఉన్నాను అని తనమీద తనే జోకేసుకుంటాడు. నోరు పెగలదు కానీ మనసులో మాత్రం గలగలా మాట్లాడుతుంటాడు. ఆగిపోయిన ఓ విమానమే అతని ఇల్లు. అందులో ఎక్కడెక్కడో ఏరుకొచ్చిన వస్తువులు, గ్రామఫోన్ రికార్డులు.

మందుల కోసం గోడ దాటి వచ్చిన కుర్రాళ్ల బృందం మీద ఈ శవాలు దాడి చేస్తాయి. అక్కడే ఆర్ కంట పడుతుంది జూలీ. ఆమె ప్రేమికుడు పెర్రీ ఆర్ మీద తుపాకీ పేలుస్తాడు. ఆర్ అతణ్ని చంపి మెదడు తింటాడు. ఈ కథలో మెదడు తింటే చనిపోయినవాడి జ్ఞాపకాలన్నీ తిన్నవాడికి వచ్చేస్తాయి. అలా పెర్రీ కళ్లతో జూలీని చూస్తాడు ఆర్. ఆమెని మిగతా శవాలు వాసన పట్టకుండా ముఖానికి నెత్తురు పూసి తన విమానానికి తీసుకెళ్తాడు.

ఆమె భయపడుతుంది. పారిపోవాలని చూస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఇద్దరూ రికార్డులు వింటారు, కారు నడుపుతారు. అతనికి ఒక్కో మాటా వస్తుంది. ఆగిన గుండె ఒకసారి తడబడి కొట్టుకుంటుంది. వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకోవడం చూసిన మిగతా శవాల్లోనూ ఏదో కదులుతుంది. చావు అంటురోగం అనుకుంటే... ఇక్కడ బతుకూ అంటుకోవడం మొదలవుతుంది!

ఆర్‌గా నటించింది నికొలస్ హోల్ట్. 2002లో వచ్చిన 'అబౌట్ ఎ బాయ్'లో చిన్నపిల్లాడిగా చేసిన కుర్రాడే. జూలీ... ఆస్ట్రేలియా నటి తెరెసా పామర్. గోడ లోపల సైన్యాన్ని నడిపే ఆమె తండ్రిగా జాన్ మాల్కోవిచ్. దర్శకుడు జొనాథన్ లెవిన్. ఐజాక్ మారియన్ అనే రచయిత 2010లో తెచ్చిన నవల దీనికి మూలం. సినిమాలో కనిపించే విమానాశ్రయం కెనడాలోని మాంట్రియల్ దగ్గరున్న మిరబెల్. 1975లో ఎంతో ఆర్భాటంగా తెరిచిన ఆ విమానాశ్రయానికి 2004 నాటికి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. చచ్చినవాళ్ల కథ తీయడానికి చచ్చిన విమానాశ్రయం... ఇంతకంటే ఏం కావాలి!

'ఇదేం జాంబీ?'

సినిమా నచ్చనివాళ్లలో మొదటి వరుస... జాంబీ కథల వీరాభిమానులు. వాళ్ల ఫిర్యాదు సూటిగా ఉంటుంది. జాంబీ అంటే శవం. దానికి ఆకలి తప్ప ఆలోచన ఉండకూడదు. మాట్లాడకూడదు, పాటలు వినకూడదు, ప్రేమించడం అసలే కూడదు. అన్నిటికంటే ముఖ్యం... తిరిగి మనిషి కాకూడదు. ఒకసారి కాటు పడిందా, అంతే సంగతులు. ఆ దారి లేకపోవడంలోనే భయమంతా ఉంది. ముద్దు పెడితే నయమైపోయే జబ్బుకి ఎవరు భయపడతారు? అన్నది వాళ్ల ప్రశ్న.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ నియమాలు ఎవరు పెట్టారో వెతుక్కుంటూ వెళ్తే కథ అడ్డం తిరుగుతుంది.

జాంబీ పుట్టిల్లు కరీబియన్ దీవి హైతీ. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో ఆఫ్రికా బానిసలు గొడ్డుచాకిరీ చేసిన నేల. 1804లో ఆ బానిసలే తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్నారు. అక్కడి జనం నమ్మకంలో జాంబీ మనుషుల్ని తినేది కాదు. మంత్రగాడు సమాధిలోంచి లేపి, మనసు లాగేసుకుని, చాకిరీ చేయించుకునే శవం. అంటే చచ్చినా తీరని వెట్టి! అక్కడివాళ్లు భయపడింది జాంబీ తమని తింటుందని కాదు, తాము జాంబీ అవుతామేమోనని.

విలియం సీబ్రూక్ అనే అమెరికన్ 1929లో హైతీ మీద రాసిన పుస్తకంతో ఈ మాట అమెరికాకి చేరింది. మూడేళ్లకే, 1932లో 'వైట్ జాంబీ' సినిమా వచ్చింది. తొలి పూర్తినిడివి జాంబీ చిత్రంగా దాన్నే చెబుతారు. అందులో కథేంటో తెలుసా? పెళ్లి చేసుకోవడానికి హైతీకి వచ్చిన జంట. ఆ అమ్మాయి మీద కన్నేసిన తోట యజమాని. మంత్రగాడితో మందు పెట్టించి ఆమెని జాంబీని చేయిస్తాడు. చివర్లో మంత్రగాడు చచ్చిపోగానే ఆమె కళ్లలోకి వెలుగొస్తుంది. భర్తని గుర్తుపడుతుంది!

అంటే మొట్టమొదటి జాంబీ సినిమాయే ప్రేమకథ. అందులోనే జాంబీ తిరిగి మనిషైంది.

మరి తిరిగిరాని చావు, మనుషుల్ని పీక్కుతినడం ఎప్పుడొచ్చాయి? 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో. పిట్స్‌బర్గ్ పరిసరాల్లో లక్షా 14 వేల డాలర్లతో చుట్టేసిన ఆ నలుపు తెలుపు చిత్రమే ఇవాళ్టి జాంబీకి అచ్చు పోసింది. విచిత్రమేంటంటే ఆ సినిమాలో 'జాంబీ' అనే మాటే వినపడదు. మెదడే తినాలన్న నియమం రొమేరోది కాదు. అది 1985 నాటి 'ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అనే హాస్యచిత్రం పెట్టింది. అందులోని శవాలు శుభ్రంగా మాట్లాడతాయి కూడా. చచ్చిపోయి ఉండటం ఎంత నొప్పో చెప్పి, మెదడు తింటే ఆ నొప్పి తగ్గుతుందంటాయి. అదే ఏడాది రొమేరోయే తన 'డే ఆఫ్ ది డెడ్'లో బబ్ అనే జాంబీ చెవికి వాక్‌మన్ తగిలించి బీథోవెన్ సంగీతం వినిపించాడు. ఆర్ గ్రామఫోన్ రికార్డులకి తాతన్నమాట! ఇక 2002లో డానీ బాయిల్ '28 డేస్ లేటర్' వచ్చేసరికి కాళ్లీడ్చే నడక పోయి పరుగందుకున్నారు.

అదీ సంగతి. ప్రతి తరమూ తన భయాన్నిబట్టి జాంబీని మార్చుకుంటూనే వచ్చింది. కాబట్టి 'నియమాలు తప్పారు' అన్న ఒక్క మాట మీద ఈ సినిమాని కొట్టిపారేయలేం.

నవ్వాలా... భయపడాలా?

రెండో ఫిర్యాదు మోతాదు గురించి. రొమాంటిక్ జాంబీ కామెడీ అంటారు, మూడూ సగం సగమే అని కొందరి అసంతృప్తి. వీళ్లందరి చేతిలోనూ ఒకటే కొలబద్ద ఉంటుంది. అది 2004లో బ్రిటన్‌లో వచ్చిన 'షాన్ ఆఫ్ ది డెడ్'. రొమాంటిక్ కామెడీలో జాంబీల్ని కలిపామని బాహాటంగా చెప్పుకుని మరీ వచ్చిన సినిమా. ఎడ్గర్ రైట్ దర్శకుడు. హీరో సైమన్ పెగ్ రచనలోనూ భాగస్వామి.

అందులో షాన్ అనేవాడు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో సేల్స్‌మన్. రోజూ సాయంత్రం అదే పబ్బు, అదే బల్ల. విసిగిపోయిన ప్రియురాలు వదిలేస్తుంది. మర్నాడు తాగిన మత్తు దిగక ముందే వీధి చివర దుకాణానికి వెళ్లొస్తాడు. దారంతా నెత్తురు, జాంబీలు. అతను గమనించనే గమనించడు! రోజూ చూసే జనానికీ వాళ్లకీ తేడా తెలియకపోవడమే జోకు. కానీ అదే సినిమాలో షాన్ తల్లిని జాంబీ కరుస్తుంది. నవ్వులన్నీ ఆగిపోతాయి. కన్నతల్లిని కొడుకే కాల్చాల్సి వస్తుంది. నవ్వించినా నియమం సడలించలేదు కాబట్టే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలిందంటారు అభిమానులు.

'వార్మ్ బాడీస్'లో అలాంటి దెబ్బ లేదన్నది వాళ్ల వాదన. పదమూడేళ్లు దాటిన పిల్లలు చూసేలా తీయడంతో నెత్తురు పెద్దగా కనపడదు. పైగా దీన్ని విడుదల చేసిన సమ్మిట్ సంస్థే అంతకుముందు 'ట్విలైట్' సినిమాలు తీసింది. వాటిలో ఆఖరిది 2012 నవంబరులో వచ్చింది. రెణ్నెల్లు తిరిగేసరికి ఇది! రక్తపిశాచి అయిపోయింది, ఇప్పుడు శవమా? అని పెదవి విరిచినవాళ్లు లెక్కలేనంతమంది.

నచ్చినవాళ్లకి మాత్రం ఆ మెత్తదనమే నచ్చింది. ఆర్ మనసులో మాటలే ఈ సినిమాకి ప్రాణం. లోపల బోలెడంత చెప్పాలని ఉంటుంది, నోరు తెరిస్తే మూలుగు తప్ప ఏమీ రాదు. ఇష్టమైన అమ్మాయి ఎదురుగా నిలబడ్డ ఏ పద్దెనిమిదేళ్ల కుర్రాడి పరిస్థితి అయినా అంతే కదా! ఆమెవంక గుచ్చిగుచ్చి చూడకు అని తనకి తనే చెప్పుకునే తీరుకి నవ్వకుండా ఉండటం కష్టం. విమానాశ్రయం బారులో ఆర్, అతని మిత్రుడు 'ఎమ్' ఎదురెదురుగా కూర్చుని మూలుగులతోనే బాతాఖానీ కొట్టడం మరో ముచ్చట. ఒకప్పుడు ఈ విమానాశ్రయంలో మనుషులు ఎంత చక్కగా మనసు విప్పి మాట్లాడుకునేవారో అని ఆర్ ఊహించుకుంటాడు. తెరమీద మాత్రం అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు తలదూర్చి కనిపిస్తారు. చావకముందే చచ్చిన జనం! ఆ చురక తగిలినవాళ్లు సినిమాని ప్రేమించకుండా ఉండలేకపోయారు.

లెవిన్ ఇంతకుముందు 2011లో తీసిన '50/50' కూడా క్యాన్సర్ వచ్చిన కుర్రాడి మీద అల్లిన హాస్యకథే. చావు పక్కన కూర్చుని నవ్వడం ఆయనకి కొత్త కాదు.

పెర్రీ సంగతేంటి?

నియమాలు, మోతాదు... ఈ రెండూ అభిరుచికి సంబంధించిన గొడవలు. ఒకరికి ఉప్పెక్కువ, ఇంకొకరికి తక్కువ. మూడో గొడవ అలాంటిది కాదు. సినిమా నచ్చినవాళ్లని కూడా కాసేపు నిలబెట్టి ఆలోచింపజేసేది అదే.

పెర్రీ.

ఆర్ ప్రేమకి పునాది పెర్రీ జ్ఞాపకాలు. జూలీకి ఏది ఇష్టమో, ఎలా నవ్వుతుందో, తొలిముద్దు ఎలా ఉందో... అన్నీ పెర్రీవి. ఆర్ వాటిని ముక్క ముక్కగా తింటున్నాడు. ఆ సంగతి తెలియని అమ్మాయి అతని పక్కన కూర్చుని పాటలు వింటోంది. ఇది ప్రేమా? దొంగతనమా? అని అడిగేవాళ్ల నోరు మూయించడం తేలిక కాదు. పోనీ, అతను చేసింది ఆకలితో. అప్పుడతనికి మనసే లేదు. తెలివొచ్చాక తనంతట తానే జూలీ ముందు నిజం ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండగలిగీ ఒప్పుకున్నాడు. మారడం అక్కణ్నుంచే మొదలైంది... అంటారు అవతలివాళ్లు. అదీ నిజమే.

మరి ఒప్పుకున్నాక ఏం జరిగింది? తాను ముందే ఊహించానన్నట్టు మాట్లాడుతుంది జూలీ. ఆ రాత్రి బాధపడుతుంది. తెల్లారేసరికి అతణ్ని వదిలి వెళ్లిపోతుంది. బాగానే ఉంది. కానీ మళ్లీ కలిసినప్పుడు ఆ ఊసే పెద్దగా ఉండదు. జూలీ, ఆమె నేస్తం నోరా కలిసి అతని పాలిపోయిన ముఖానికి మేకప్ వేస్తారు. హుషారైన పాట మొదలవుతుంది. పెర్రీ అనేవాడు ఒకడుండేవాడన్న సంగతి ఆ పాటలో కొట్టుకుపోతుంది.

ఇక్కడే షేక్‌స్పియర్ గుర్తొస్తాడు. ఎందుకంటే ఈ కథ 'రోమియో అండ్ జూలియట్'కి వేషం మార్చిన రూపం. ఆర్ అంటే రోమియో, జూలీ అంటే జూలియట్, మిత్రుడు ఎమ్... మెర్కుషియో, పెర్రీ... ప్యారిస్. నర్సు కావాలనుకునే నోరా, జూలియట్ దాది. జూలీ మేడమీద, ఆర్ కింద నిలబడే సన్నివేశమూ ఉంది. ఆ నాటకంలో రోమియో చేతికీ నెత్తురంటుంది. పెళ్లయిన రోజే జూలియట్ మేనబంధువు టిబాల్ట్‌ని చంపేస్తాడు. ఆ కబురు విన్న జూలియట్ ముందు భర్తని తిట్టిపోస్తుంది, ఆ వెంటనే తిట్టినందుకు తనని తాను తిట్టుకుంటుంది. అన్నకోసం ఏడవాలో మొగుడికోసం ఏడవాలో తెలియక నలిగిపోతుంది. ఆమె క్షమించడం మనకి కనిపిస్తుంది. దానికెంత మూల్యం చెల్లించిందో కూడా కనిపిస్తుంది. ఆ మూల్యమే సినిమాలో జూలీ చేతినుంచి జారిపోయింది.

నవలలో ఇలా లేదు. అక్కడ పెర్రీ చచ్చినా ఊరుకోడు. ఆర్ తలలో గొంతై మాట్లాడతాడు, ప్రశ్నిస్తాడు, వాదిస్తాడు. చంపినవాడు చచ్చినవాడికి జవాబు చెప్పుకుంటూనే మనిషవుతాడు. పుస్తకం చదివి సినిమాకి వెళ్లినవాళ్లలో చాలామందికి వెలితి అనిపించింది అందుకే. గంటా ముప్పావు కూడా లేని సినిమాలో ఆ గొంతుకి చోటు దొరకలేదు.

ఇంకో చిక్కూ ఉంది. పెర్రీ తండ్రికి ఆ జబ్బు అంటుకుంటే, పెర్రీయే అతణ్ని కాల్చేశాడు. మరో దారి లేదనుకుని కాల్చాడు. ఇప్పుడు దారి ఉందని తేలింది! మరి ఇన్నాళ్లూ కాల్చి పారేసినవాళ్ల మాటేమిటి? జూలీ తండ్రి మొండితనం వెనక ఉన్నది బహుశా ఆ ప్రశ్నే. శవాలు మళ్లీ మనుషులవుతాయని నమ్మితే... తాను చంపించింది మనుషుల్నేనని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోవడం కంటే నమ్మకపోవడమే సులువు. సినిమా ఆయన్ని విలన్‌గా చూపించి దాటేసింది కానీ, ఆయన భయం ఆర్ ప్రేమ కంటే లోతైనది.

సినిమాలో అసలు విలన్లు వేరే ఉన్నారు. 'బోనీలు'. ఆశ వదిలేసుకుని, ఒంటిమీది చర్మం తమకి తామే పీక్కుని అస్థిపంజరాలైపోయిన శవాలు. చివర్లో మనుషులూ మారుతున్న శవాలూ చేతులు కలిపి ఈ బోనీల పని పడతారు. అందరూ చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం. కొందరు కొట్టలేకపోయారు. 'వీళ్లు బాగుపడరు, చంపేయాల్సిందే' అని మొదట శవాలందరినీ అన్నారు. ఇప్పుడు బోనీల్ని అంటున్నారు. గోడ కూలిందా, కాస్త అవతలికి జరిగిందా? అని వాళ్ల సందేహం.

మనకైతే...

తెలుగువాళ్లకి శవం మాట్లాడటం కొత్తేమీ కాదు. విక్రమార్కుడి భుజం మీద శవంలోంచి బేతాళుడు చెప్పిన కథలు 'చందమామ'లో చదువుతూ తరాలు పెరిగాయి. విఠలాచార్య సినిమాల్లో అస్థిపంజరాలూ దెయ్యాలూ చేసిన అల్లరికి పిల్లలు హాల్లో ఈలలు వేశారు. అయినా జాంబీ మాత్రం మనకి ఆలస్యంగానే చుట్టమైంది. కారణం ఊహించడం కష్టం కాదు. మనలో ఎక్కువమందికి చచ్చాక దహనమే. లేచి రావడానికి ఒళ్లేదీ? అందుకే మనకి దెయ్యాలెక్కువ. దెయ్యానికి ఒళ్లుండదు, మనసుంటుంది. కోరిక తీరక తిరుగుతుంటుంది. జాంబీకి ఒళ్లుంటుంది, మనసుండదు. ఈ లెక్కన మనసున్న ఆర్ మన ఊరి దెయ్యానికే దగ్గరి బంధువు!

ప్రేమతో చావుని గెలవడమూ మనం విననిది కాదు. యముడి వెంటపడి భర్త ప్రాణాలు తెచ్చుకున్న సావిత్రి కథ తెలియని ఇల్లుండదు. కాకపోతే పాపం సత్యవంతుడు ఎవర్నీ తినలేదు!

'వార్మ్ బాడీస్' వచ్చిన 2013లోనే, మే నెలలో, హిందీలో 'గో గోవా గాన్' వచ్చింది. దర్శకులు తెలుగువాళ్లయిన రాజ్, డీకే. రష్యన్‌నని చెప్పుకుంటూ తిరిగే వేటగాడిగా సైఫ్ అలీఖాన్ నవ్వించాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకి, 2021 ఫిబ్రవరి 5న, ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'తో తెలుగు తెర మీదికీ జాంబీలు వచ్చారు. తేజ సజ్జా హీరో. రాయలసీమ ఫ్యాక్షన్ మధ్యలో జాంబీల్ని వదలడమే అందులో చమత్కారం. ఇవి రెండూ ప్రాణాలు దక్కించుకునే హడావుడితో నవ్వించిన కథలు. జాంబీ వైపు నుంచి చెప్పినవి కావు. కాటు పడ్డవాడి మనసులో ఏముందో చెప్పిన కథ మనకింకా బాకీయే.

అలాంటి కథ మన గడ్డమీద ఎప్పుడో పుట్టింది మరి. జాంబీ పేరుతో కాదు, అంగుళిమాలుడి పేరుతో. మనుషుల్ని చంపి వేళ్లు దండగా గుచ్చుకున్నవాడు బుద్ధుడి మాటతో మారాడు, భిక్షువయ్యాడు. కథ అక్కడితో అయిపోలేదు. భిక్షకి వెళ్తే జనం రాళ్లతో కొట్టారు. తల పగిలి, పాత్ర విరిగి, నెత్తురోడుతూ తిరిగొచ్చాడు. ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. మారడం నిజమే. చేసింది కూడా నిజమే. ఒకటి ఉందని రెండోది చెరిగిపోదు. ఆ రాళ్లు కూడా చెప్పడంవల్లే ఆ కథని మనం నమ్ముతాం.

నెత్తురే సాక్ష్యం

'వార్మ్ బాడీస్' ముగింపు దగ్గరా ఓ నెత్తుటి చుక్క ఉంది. జూలీ తండ్రి ఆర్ మీద కాల్పులు జరుపుతాడు. నీళ్లలో తడిసి నిలబడ్డ ఆర్ భుజం నుంచి ఎర్రటి రక్తం కారుతుంది. శవాలకి రక్తం కారదు కదా! గాయమే అతను బతికున్నాడనడానికి రుజువవుతుంది. నొప్పి తెలిసినవాడే మనిషి అని ఒక్క బొమ్మలో చెప్పిన ఘట్టం అది. సినిమాని తిట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడ కాసేపు మెత్తబడతారు.

ఆ తర్వాత శవాలు ఒక్కొక్కటిగా జనంలో కలుస్తాయి. గోడ కూలుతుంది. ఆర్, జూలీ పక్కపక్కన కూర్చుని దాన్ని చూస్తారు. శుభం.

ఆ శుభం చాలినవాళ్లు ఒకవైపు. చాలనివాళ్లు ఇంకోవైపు. తప్పుదారిన పోయి తిరిగొచ్చినవాణ్ని చేయిపట్టి లోపలికి పిలవకపోతే వాడెప్పటికీ మనిషి కాలేడని మొదటివాళ్ల నమ్మకం. పిలవండి కానీ, వాడి చేతిలో పోయినవాడి పేరు మర్చిపోకండని రెండోవాళ్ల పట్టు. నిజానికి ఇది జాంబీల గొడవ కాదు. తాగుడు మాని ఇంటికొచ్చిన తండ్రి గురించో, జైలు నుంచి ఊరికి తిరిగొచ్చిన మనిషి గురించో మన అరుగుల మీద రోజూ జరిగే వాదనే.

ఈసారి ఈ సినిమా చూస్తే ఓ పని చేయండి. చివర్లో గోడ కూలుతుంటే ఆర్ ముఖం కాదు, జూలీ ముఖం చూడండి. ఆమెకి పెర్రీ గుర్తున్నాడనిపించిందా? అనిపిస్తే మీకు సినిమా నచ్చినట్టే. అనిపించకపోతే... మీరు రెండో గుంపు!